తగ్గమని ఎవరికి చెబుతున్నాం?

(గుంటూరులో, ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల కాలంలో, సంఘపెద్దలూ స్త్రీల సమాజమూ కలిసి జరుపుకున్న కూడికలో ఒక రిటైర్డ్ టీచరుగారు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. మాట తీరు పోకుండా అక్కడక్కడా మాత్రమే సర్దాం.)

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, పెద్దలకి, వెనక తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముళ్ళకి కూడా. ముందు వరసలో ఖాళీలున్నాయి, వచ్చి కూర్చోండయ్యా... రారు. సరే. మన మందిరాల్లో ముందు వరస ఖాళీగా ఉండేది వినయం వల్ల అనుకునేరు, ముందు కూర్చుంటే మధ్యలో లేచిపోవడం కుదరదని. (నవ్వులు)

నాకిచ్చిన అంశం "తగ్గింపు జీవితం". నేను సేవకురాలిని కాను, బైబిలు కాలేజీ మెట్లెక్కలేదు, బడిలో పిల్లలకి లెక్కలు చెప్పుకుని రిటైరైన మనిషిని. కాబట్టి గ్రీకులో ఇలా ఉంది, హెబ్రీలో అలా ఉంది అనే జోలికి పోను. మన చేతుల్లో ఉన్న తెలుగు బైబిల్లో ఏముందో అదే చూద్దాం, అది చాలు, దాన్నే మనం సరిగ్గా చదవడం లేదు.

ముందుగా మీరొకటి గమనించారో లేదో. మన సంఘాల్లో తగ్గింపు మీద వాక్యం చెప్పిన ప్రతిసారీ ఎవరు తలూపుతారు? ఎవరు కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తారు? వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మ. కూలికెళ్ళి, కోడలి చేత మాట పడి, ఆటోకి డబ్బుల్లేక నడిచొచ్చిన మనిషి. ఆవిడ తగ్గడానికి ఇంకేం మిగిలిందండీ? వాక్యం ఆవిడ దాకా వెళ్ళి ఆవిడ మీద పడుతుంది. స్టేజి మీద మెత్తటి కుర్చీల్లో కూర్చున్న మా బోటివాళ్ళం మాత్రం "బాగా చెప్పారండీ, మనవాళ్ళకి ఇది చాలా అవసరం" అంటాం. మనవాళ్ళకట! నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఈ ఒక్కటే. బైబిల్లో తగ్గమనే మాట ముందు ఎత్తులో ఉన్నవాళ్ళకి చెప్పింది. మనం దాన్ని తిరగేసి, కింద ఉన్నవాళ్ళకి చెబుతున్నాం.

ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం తీయండి, 5వ వచనం నుంచి. కంఠతా వచ్చిన భాగమే. క్రిస్మస్‌కీ చదువుతాం, గుడ్ ఫ్రైడేకీ చదువుతాం. "ఆయన దేవుని స్వరూపము కలిగినవాడైయుండి"... అక్కడ ఆగండి. ఎక్కడ మొదలైంది? పైన. అంతకంటే పైన ఇంకేం లేని చోట. అక్కణ్ణించి మనిషిగా, ఆ మనుషుల్లోనూ దాసుడిగా, ఆ తర్వాత దాసుడికి పడే చావు దాకా దిగుతూ పోయాడు. సిలువ అనేది రోమావాళ్ళు బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసిన శిక్ష, రోమా పౌరుణ్ణి మామూలుగా సిలువ వేసేవాళ్ళు కాదు. ఈ సంగతి ఫిలిప్పీవాళ్ళకి మనకంటే బాగా తెలుసు. ఎందుకంటే ఫిలిప్పీ రోమా కాలనీ. సైన్యంలో చేసి దిగిపోయినవాళ్ళకి భూములిచ్చి స్థిరపరిచిన ఊరు. అపొస్తలుల కార్యములు 16లో ఆ ఊరివాళ్ళు, ఈ పత్రిక రాసిన పౌలు మీద ఫిర్యాదు చేసేటప్పుడు కూడా "రోమీయులమైన మనము" అంటారు చూడండి. హోదా అంటే ప్రాణం పెట్టే ఊరు. అక్కడ తగ్గింపు అంటే మంచి గుణం కాదు, బానిస బుద్ధి. ఆ ఊరికి రాసిన ఉత్తరంలో పౌలు, మీ ప్రభువు కావాలని ఆ మెట్టు దాకా దిగాడు అంటున్నాడు. విన్నవాళ్ళు ఉలిక్కిపడి ఉంటారు. మనమేమో పాటలా వినేసి కూర్చుంటున్నాం.

దీన్ని ఆయన ఊరికే భక్తి పొంగి రాయలేదు కూడా. 4వ అధ్యాయం 2వ వచనానికి రండి. యువొదియ, సుంటుకే అని ఇద్దరు అక్కలు. వాళ్ళకి పడలేదు. ఎందుకు పడలేదో రాయలేదు, మంచిదైంది, లేకపోతే మనం దాని మీద కూడా రెండు పక్షాలయ్యేవాళ్ళం. వాళ్ళు చిన్నాచితకా మనుషులు కారు, సువార్త పనిలో తనతో కూడా ప్రయాసపడ్డారని పౌలే రాశాడు. పాపం, రెండు వేల ఏళ్ళుగా ప్రపంచమంతా వాళ్ళ తగాదా చదువుతోంది. మన స్త్రీల సమాజం మినిట్స్ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి మనం బతికిపోయాం. (నవ్వులు) అయితే పౌలు ఆ ఇద్దర్నీ ఒకేలా బతిమాలాడు. యువొదియను బతిమాలుకుంటున్నాను, సుంటుకేను బతిమాలుకుంటున్నాను. "నువ్వు చిన్నదానివి, సర్దుకుపో తల్లీ" అని ఒకరి మీదికి తోసేయలేదు. మన ఇళ్ళల్లో, మన కమిటీల్లో పంచాయితీ మొదలయ్యేదే ఆ మాటతో కదా. ఎవరు సర్దుకుపోతారో ముందే తెలిసిపోయి ఉంటుంది, మిగతాదంతా కాఫీలూ టీలూ.

ఇప్పుడు యోహాను 13, సిలువకి ముందు రాత్రి యేసు శిష్యుల కాళ్ళు కడిగిన భాగం. ఈ ఏడు పరిశుద్ధ గురువారం, అంటే గుడ్ ఫ్రైడేకి ముందు రోజు, మన దగ్గర కూడా పాదాలు కడిగే కార్యక్రమం పెడదామని కమిటీలో అనుకున్నారట, సెక్రటరీగారు చెప్పారు. సంతోషం. బయట కొన్ని చోట్ల అది ఎలా జరుగుతుందో చూశాను కాబట్టి చెప్తాను. పన్నెండు మందిని ముందే ఎంచుతారు. ఎవర్ని ఎంచాలనే దాని మీదే ఒక గొడవ. వాళ్ళు ఇంటి దగ్గర సబ్బుతో కాళ్ళు రుద్దుకుని, గోళ్ళు తీసుకుని, తెల్లబట్టలు కట్టుకుని వస్తారు. వరసగా కుర్చీలు, వాటికి తెల్ల గుడ్డలు. కొత్త స్టీలు బేసిను, దాని అంచున షాపువాడి స్టిక్కరు ఇంకా అలాగే ఉంటుంది. మడత విప్పని టర్కీ టవలు. అయ్యగారు వంగి చెంబుతో వేళ్ళ మీద కాసిని నీళ్ళు పోస్తారు, ఫోటోగ్రాఫరు "సార్ ఒక్క నిమిషం, ఇటు" అంటాడు, కడిగేవారూ కడిగించుకునేవారూ ఇద్దరూ అటు చూస్తారు. ఇలా చేయడం పాపమని నేననను. గుర్తుకోసం చేసేవి గుర్తుగానే ఉంటాయి. కానీ ఆ రాత్రి జరిగింది వేరు.

లూకా 22 చదివితే, అదే భోజనం దగ్గర శిష్యులు తమలో ఎవడు గొప్పవాడని వాదులాడుకుంటున్నారు. మట్టి దారిలో చెప్పులతో నడిచొచ్చిన కాళ్ళు. ఆ కాళ్ళు కడగాల్సింది ఇంటి దాసుడు. అక్కడ దాసుడెవరూ ఉన్నట్టు కనపడదు. పన్నెండు మందిలో ఒక్కడూ లేవలేదు, ఎలా లేస్తాడు, లేచినవాడు గొప్పవాడు కాదని అప్పుడే తేలిపోతుంది కదా! అప్పుడు ఆయన లేచాడు. పైవస్త్రం తీసి పక్కన పెట్టాడు. తువాలు నడుముకు కట్టుకున్నాడు. పళ్ళెంలో నీళ్ళు పోశాడు. పెద్ద పెద్ద అద్భుతాల్ని రెండు ముక్కల్లో తేల్చేసే యోహాను, ఇక్కడ బట్ట తీయడం కూడా విడిచిపెట్టకుండా రాశాడు. కళ్ళారా చూసిన మనిషి కాబట్టి రాశాడని నేననుకుంటాను. ఇంకో మాట, ఆ కాళ్ళలో యూదా కాళ్ళు కూడా ఉన్నాయి. వాడు బయటికి వెళ్ళింది 30వ వచనంలో. తనను అప్పగించేది ఎవరో ఎరిగి ఉండీ కడిగాడు. మనం పడనివాళ్ళింటికి పెళ్ళి శుభలేఖ పంపడానికే నెల రోజులు తర్జనభర్జన పడతాం.

గుంటూరులో కడగాల్సిన కాళ్ళు కావాలంటే వెతుక్కోనక్కర్లేదు, మిర్చి యార్డు దాకా వెళ్తే చాలు. సీజన్లో ఆ పక్క నుంచి ఆటోలో వెళ్తేనే మనకి దగ్గొస్తుంది, కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాం. పొద్దస్తమానం అందులోనే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ అన్నల సంగతి, కాయల తొడిమలు తీసే అక్కల సంగతి చెప్పేదేముంది. మా వీధిలో ఆ పనికెళ్ళే అమ్మాయి ఒకామె ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే చంటిపిల్లాడు చేతులు చాస్తే ఎత్తుకోదు. ముందు కొబ్బరినూనె పామి, సబ్బుతో కడిగి, మళ్ళీ పామి, అప్పుడు కూడా వాడి మొహం దగ్గరికి చేతులు రానివ్వదు, మోచేతులతో ఎత్తుకుంటుంది. గోళ్ళ సందుల్లో ఉన్న కారం ఎన్నిసార్లు కడిగినా పోదంటుంది. ఇలాంటివాళ్ళు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. మరి ఆ పన్నెండు కుర్చీల్లో వాళ్ళని ఎప్పుడైనా కూర్చోబెట్టామా? 2013లో పోప్ ఫ్రాన్సిస్ ఎన్నికైన కొత్తలోనే, పరిశుద్ధ గురువారం నాడు రోములో బాలనేరస్థుల్ని ఉంచే చోటికి వెళ్ళి ఆ పిల్లల కాళ్ళు కడిగాడు. వాళ్ళలో ఆడపిల్లలున్నారు, ముస్లింలున్నారు. మగవాళ్ళ పాదాలే కడగాలని అప్పటికి కాథలిక్కుల నియమం, దాని మీద పెద్ద చర్చ నడిచింది. 2016లో ఆ నియమాన్నే మార్చారు. మనం లూథరన్లమో బాప్టిస్టులమో అయినంత మాత్రాన మంచి పని చూసి నేర్చుకోకూడదని ఎక్కడా లేదు.

పేతురుని వదిలేస్తే అన్యాయం. "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు. వినడానికి ఎంత వినయంగా ఉందో! కానీ ప్రభువు చేస్తానన్న పనిని వద్దనే హక్కు తనకుందని అనుకున్నాడు, అది గమనించండి. మన పెద్దల్లో, ముఖ్యంగా మంచి పెద్దల్లో, ఈ జబ్బు బాగా ఉంది. ఊళ్ళో ఎవరికి బాగోకపోయినా వీళ్ళే జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్తారు, పెళ్ళిలో బనియన్ల మీద నిలబడి వడ్డిస్తారు. తమకి జబ్బు చేస్తే మాత్రం ఎవరికీ తెలియనివ్వరు. వడ్డీకి తెచ్చుకుంటారు గానీ సంఘంలో నోరు విప్పరు. "మనది పెట్టే చెయ్యేగానీ పట్టే చెయ్యి కాదండీ" అంటారు. మాట బాగుంటుంది, నేను కూడా ఆ మాట విని మెచ్చుకునేదాన్నే. దానికి ప్రభువు ఇచ్చిన జవాబు మాత్రం మెత్తగా లేదు. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలులేదు." పాలు అంటే వాటా.

కుర్చీల సంగతి నేను చెప్పనక్కర్లేదు, యాకోబు 2వ అధ్యాయంలో చెప్పేశాడు. బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టలేసుకుని వచ్చినవాణ్ణి ఇక్కడ కూర్చోండి అంటారు, మాసిన బట్టలతో వచ్చినవాణ్ణి నా పాదపీఠం కింద కూర్చో అంటారు. ఆ కాలంలో ఉంగరం, ఈ కాలంలో కారు తాళాలు. ఎమ్మెల్యేగారొస్తే పాట మధ్యలో ఆపి స్వాగతం చెప్పిన చోట్లున్నాయి. శాలువాలూ గజమాలలూ ఫ్లెక్సీలూ... ఒక్కో ఫ్లెక్సీలో దైవజనుడి బొమ్మ తాటిచెట్టంత ఉంటుంది, మూలన చిన్నగా సిలువ. పేరు ముందు రెవరెండు, దాని ముందు డాక్టరు, దాని ముందు బిషప్పు. బెజవాడ నుంచి గుంటూరు వచ్చేదాకా దారి పొడుగునా చదువుకుంటూ రావచ్చు.

ఆ నవ్వేవాళ్ళు ఇప్పుడు తలెత్తి మన ఫ్యాన్లు చూడండి. (నవ్వులు) రెక్క రెక్కకీ పేరు. ఫలానావారి జ్ఞాపకార్థం వారి కుమారులు. తమాషా ఏంటంటే కరెంటు పోతేగానీ ఆ పేరు కనపడదు. మందిరానికి ఉపకారం జరిగేటప్పుడు పేరు కనపడదు, పేరు కనపడేటప్పుడు ఉపకారం ఉండదు. చనిపోయిన అమ్మానాన్నల పేరు రాయించుకోవాలనే మనసుని నేను కాదనను, అందులో ప్రేమ ఉంది. కానీ కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని మత్తయి 6లో ఉంటే, మనం దాన్ని పెయింటరుకి చెప్పి మరీ రాయిస్తున్నాం. ప్రభువు మెచ్చుకున్న బీద విధవరాలి రెండు కాసులు ఏ రెక్క మీదా లేవు.

ఇంకో రకం ఉంది. మాటల తగ్గింపు. ప్రార్థన మొదలుపెడితే ధూళిని ప్రభువా, పురుగుని ప్రభువా, అయోగ్యుణ్ణి ప్రభువా. మంచిదే, కీర్తనల్లో ఉన్న మాటలే. అదే అన్నయ్యని కూడిక అయ్యాక ఎవరైనా తమ్ముడు పక్కకి పిలిచి "అన్నా, నిన్న వాచ్‌మన్‌తో మీరు కొంచెం గట్టిగా మాట్లాడారేమో" అనమనండి. "నువ్వెవరయ్యా నాకు చెప్పడానికి, నేను ఈ సంఘంలో ఎప్పట్నుంచి ఉన్నానో తెలుసా" అంటాడు. పురుగుకి సీనియారిటీ గుర్తొస్తుంది! (నవ్వులు) దేవుడి ముందు పురుగు కావడం సులువు, ఎదురు చెప్పేవాళ్ళుండరు. లూకా 18లో నియమనిష్ఠల పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసమున్నానని, దశమభాగమిచ్చానని, పన్నులు వసూలు చేసే ఈ సుంకరిలాంటివాణ్ణి కానని స్తోత్రం చెప్పాడు. మనం ఆ కథ చదివి, ప్రభువా ఆ పరిసయ్యుడిలాంటివాళ్ళం కానందుకు స్తోత్రం అంటాం. ఆ గుంటలో పడకుండా ఆ ఉపమానం మీద ప్రసంగం చేసినవాళ్ళని నేను ఇంకా వినలేదు, బహుశా నేను కూడా ఇప్పుడు పడే ఉంటాను.

మన ప్రాంతంలో ఎత్తులో ఉండి దిగినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కుగ్లర్ ఆసుపత్రి మనలో చాలామంది పుట్టిన చోటు. ఆ అన్నా సారా కుగ్లర్ అమ్మగారు అమెరికాలో 1879లో వైద్యం చదివి పాసైంది. 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరుగా రానివ్వలేదు ఆమెని. వైద్య సేవ మొదలుపెట్టడానికి మేమింకా సిద్ధంగా లేం, ఆడవాళ్ళ మధ్య పనికీ చదువు చెప్పడానికీ అయితే వెళ్ళు అన్నారు పంపినవాళ్ళు. వచ్చింది. ఆడపిల్లలకి చదువు చెప్పింది, రోగులొస్తే చూసింది. 1885లో గానీ వైద్య మిషనరీగా గుర్తించలేదు. ఆసుపత్రి తెరిచింది 1898లో, అంటే వచ్చిన పదిహేనేళ్ళకి. 1930లో ఇక్కడే, ఈ గుంటూరులోనే చనిపోయింది. చేతిలో డాక్టరు పట్టా ఉండి, టీచరుగా వెళ్ళమంటే వచ్చిందే, అది నాకు గొప్పగా అనిపిస్తుంది, టీచర్ని కాబట్టి ఇంకాస్త ఎక్కువ అనిపిస్తుందేమో. అయితే ఒక మాట. ఆమె తగ్గింది సరే, ఆమెని అలా ఆపినవాళ్ళు చేసింది మంచి పనైపోతుందా? అవదు. ఒకరి తగ్గింపుని చూపించి ఇంకొకరి అన్యాయాన్ని కప్పిపెట్టకూడదు.

ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి సంగతి మన పెద్దవాళ్ళు చెప్పేవారు, ఆయన రాసుకున్నదే. 1860ల్లో మాదిగలు ఆయన దగ్గరికి రావడం మొదలైంది. ఊళ్ళో పెద్ద కులాలవాళ్ళు, బళ్ళోకి పిల్లల్ని పంపేవాళ్ళు, వీళ్ళని చేర్చుకుంటే మేం రామన్నారు. లోకజ్ఞానం ఉన్నవాడెవడైనా ఏం చేస్తాడు? పెద్దవాళ్ళని ముందు పట్టుకుందాం, చిన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారంటాడు. ఆయన దిక్కుతోచక బైబిలు తెరిస్తే 1 కొరింథీ 1వ అధ్యాయం వచ్చిందట. "లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." వేరే గదిలో ఆయన భార్య కూడా అదే భాగం తెరిచి పట్టుకొచ్చిందట. ఆయన మాదిగల్ని చేర్చుకున్నాడు, పెద్దింటి పిల్లలు బడి మానేశారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. మరి అలా మొదలైన సంఘాల్లో ఇవాళ ఒకే ఊళ్ళో, ఒకే మిషను కింద, మాలలకొక మందిరం మాదిగలకొక మందిరం ఎందుకున్నాయో ఎవరైనా లేచి చెప్పండి. ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నె, పెళ్ళి సంబంధాల దగ్గర మాత్రం "మనవాళ్ళేనా?" అని ఆరా. దీని మీద తగ్గింపు ప్రసంగం నేను వినలేదు.

1910లో ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ సభ జరిగింది. ఆ సభలో అజరయ్యగారు మాట్లాడారు. తర్వాత 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్ ఆయనే. దొరలతో నిండిన సభలో నిలబడి ఆయన అన్నదాని సారం ఏంటంటే, మీరు మా బీదలకి పెట్టడానికి మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలు కూడా ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. ఎంత మాట! సొంత దేశం విడిచి, కలరాలకీ మలేరియాలకీ పిల్లల్ని పోగొట్టుకుని సేవ చేసినవాళ్ళు కూడా ఒక పని చేయలేకపోయారు. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోలేకపోయారు. ఇవ్వడంలో మనం పైనే ఉంటాం, పక్కన కూర్చుంటే సమానమైపోతాం, అక్కడ కష్టం. మనం కూడా క్రిస్మస్‌కి చీరలు పంచుతాం. పుచ్చుకున్నామె ఇంటికెళ్ళి ఒక్కసారైనా టీ తాగామా?

ఇక లెక్కలు. నా సబ్జెక్టు. కానుకల లెక్క అడిగినవాడికి మన దగ్గర పడే బిరుదేంటి? "తగ్గింపు లేనివాడు." సణుగుడు ఆత్మ అని కూడా అంటారు. 2 కొరింథీ 8వ అధ్యాయం 20, 21 వచనాలు ఇంటికెళ్ళి చదవండి. యెరూషలేము బీదల కోసం కానుక తీసుకెళ్తూ పౌలు, ఎవరూ మా మీద తప్పు మోపకూడదని జాగ్రత్తపడుతున్నాం, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలి అంటాడు. సంఘాలు ఏర్పరిచిన మనుషుల్ని వెంట తీసుకెళ్ళాడు. పౌలంతటి అపొస్తలుడు నన్నే అనుమానిస్తారా అనలేదు. ఖర్చు రాసిన కాగితం అడగకముందే గోడకి అంటించడం తగ్గింపు. పెద్దలూ, మీకే చెప్తున్నాను, ఆ చాప మీద అమ్మకి కాదు.

తప్పు చెప్పించుకోవడం కూడా అంతే. గలతీ 2లో అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి భోంచేస్తూ ఉండి, యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే పక్కకి జరిగాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. పేతురు ఎంత సీనియరు! పౌలు ఆలస్యంగా వచ్చినవాడు, అంతకుముందు సంఘాన్ని హింసించినవాడు. పేతురు ఆ రోజు ఏమన్నాడో పౌలు రాయలేదు. కానీ రెండో పేతురు పత్రిక చివర్లో "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని ఉంటుంది చూడండి. మన దగ్గరైతే ఈపాటికి రెండో సంఘం పుట్టి, ఎదురు సందులో రేకుల షెడ్డు వేసి ఉండేవాళ్ళం.

చివరగా, నేను చెప్పక తప్పనిది. మొగుడు తాగొచ్చి కొడితే, ఆ పిల్ల గృహప్రార్థనకొచ్చి ఏడిస్తే, మనం చెప్పేదేంటి? "తగ్గించుకో తల్లీ, ప్రార్థన చెయ్యి, ప్రభువే మారుస్తాడు." ఎఫెసీ 5లో 22వ వచనం చూపిస్తాం, స్త్రీలారా లోబడి ఉండండి అని. దాని పైన 21 ఉంది. "ఒకనికొకడు లోబడియుండుడి" అని. 25 ఉంది, క్రీస్తు సంఘం కోసం తనను అప్పగించుకున్నట్టు పురుషులు ప్రేమించాలని. ఆ రెండూ ఆ తాగుబోతుకి ఎవరు చదివి వినిపిస్తారు? దెబ్బలు తినేదాన్ని కూర్చోబెట్టి తగ్గింపు నేర్పడం వాక్యం చెప్పడం కాదు, వాడికి సాయం చేయడం. ఆ పిల్లని ముందు పుట్టింటికి తీసుకెళ్ళండి, అవసరమైతే పోలీస్ స్టేషనుకి తోడు వెళ్ళండి. తర్వాత ప్రార్థన చేద్దాం, నేనూ వస్తాను.

తగ్గింపంటే నోరు మూసుకోవడం అని ఎవరైనా అంటే మళ్ళీ ఫిలిప్పీకే తీసుకెళ్ళండి. అపొస్తలుల కార్యములు 16. పౌలునీ, ఆయనతో వచ్చిన సీలనీ విచారణ లేకుండా అందరి ముందూ బెత్తాలతో కొట్టి చెరసాల్లో వేశారు. రాత్రి భూకంపం, పాటలు, అవి మనం ప్రతి యూత్ మీటింగులో చెబుతాం. తెల్లారాక ఏం జరిగిందో చెప్పం. అధికారులు మనుషుల్ని పంపి, వాళ్ళని వదిలేయండి, వెళ్ళిపొమ్మనండి అన్నారు. పౌలు వెళ్ళలేదు! రోమీయులమైన మమ్మల్ని న్యాయం విచారించకుండా బహిరంగంగా కొట్టి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, కుదరదు, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళొచ్చారు, బతిమాలుకున్నారు. తన్ను తానే రిక్తునిగా, అంటే ఏమీ లేనివాడిగా, చేసుకున్న ప్రభువు గురించి రాసింది ఈ మనిషే, రాసింది ఈ ఊరికే. తన గొప్ప కోసం పట్టుబట్టాడని నేననుకోను. ఆయన పొద్దున్నే వెళ్ళిపోయేవాడు, ఆ ఊళ్ళో మిగిలేది లూదియ ఇంట్లో కూడుకునే నాలుగు కుటుంబాలు, ఆ చెరసాల నాయకుడూ. రేపు వాళ్ళ మీద చెయ్యి వేయాలంటే అధికారులు రెండుసార్లు ఆలోచించాలి. అక్కడికే వెళ్ళి, వాళ్ళని చూసి, ధైర్యం చెప్పి బయలుదేరాడు.

అయ్యగారు వాచీ చూస్తున్నారు, ఆపుతాను. సెక్రటరీగారూ, గురువారం పన్నెండు మంది లిస్టు ఇంకా ఖరారు కాలేదన్నారు కదా. స్త్రీల సమాజం తరఫున తొడిమల పనికెళ్ళే అక్కల పేర్లు ఆదివారంలోగా ఇస్తాం, వాళ్ళని ముందు నేను అడగాలి, వాళ్ళకి ఇష్టమైతేనే. కూలి పోకుండా కార్యక్రమం రాత్రి ఏడింటికి పెట్టండి. ఫోటోగ్రాఫర్ని వద్దని చెప్పేయండి, అడ్వాన్సు ఇచ్చి ఉంటే అది నేను కడతాను. వందనాలు.